ప్రశ్నను చదివే విద్య

పదో తరగతి తెలుగు పరీక్ష జవాబు పత్రాలను దిద్దే ఉపాధ్యాయులకు తరచు ఎదురయ్యే చిత్రమైన పరిస్థితి ఒకటుంది: జవాబులో తప్పేమీ ఉండదు, వాక్యాలు బాగానే ఉంటాయి, పాఠంలోని విషయమూ సరిగ్గానే ఉంటుంది, కాని అది అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. ఇలాంటి విద్యార్థిని ‘చదవలేదు’ అని మందలించడం ఇంట్లోనూ బడిలోనూ అలవాటే గాని, నిజానికి అతడు పాఠం చదివాడు, గైడు చదివాడు, నోట్సు వల్లె వేశాడు. చదవనిదల్లా ప్రశ్న ఒక్కటే. పఠన, లేఖన పరీక్షకు పిల్లలను సిద్ధం చేయడమంటే అన్నింటికంటే ముందు ప్రశ్నను చదివే విద్య నేర్పడమని, తక్కిన అభ్యాసమంతా దాని చుట్టూ అల్లుకోవలసిందేనని ఈ అధ్యాయం ప్రతిపాదిస్తుంది.

పరీక్ష స్వరూపం తెలియకుండా ఈ విద్య నేర్పడం కుదరదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రూపొందిన రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం తర్వాత పాఠ్యపుస్తకాలూ, వాటి వెంట ప్రశ్నపత్రాలూ మారాయి. బిడ్డ ఏం నేర్చుకున్నాడో కొలిచే కొలబద్దలకు ‘విద్యాప్రమాణాలు’ అని పేరు పెట్టి, తెలుగు పరీక్షను ఆ ప్రమాణాల ప్రకారం విభజించారు. చదివినదాన్ని గ్రహించి దానిపై స్పందించడం ‘అవగాహన - ప్రతిస్పందన’. తెలిసినదాన్ని సొంత మాటల్లో చెప్పడం, లేఖ, కరపత్రం, సంభాషణ వంటి ప్రక్రియల్లోకి మలచడం ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’. పదజాలం, వ్యాకరణం ‘భాషాంశాలు’. మార్కుల పంపకం రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నోసార్లు మారింది, ఇకముందూ మారవచ్చు; విభజన వెనకున్న ఆలోచన మాత్రం మారలేదు. పాఠం అప్పజెప్పించుకునే పరీక్ష స్థానంలో, కొత్త పేరాను చేతికిచ్చి అర్థమైందా అని అడిగే పరీక్ష వచ్చింది. పిల్లలను సిద్ధం చేసే పద్ధతి మాత్రం చాలాచోట్ల అప్పజెప్పే కాలంలోనే ఆగిపోయింది.

ప్రశ్నలో మొదట చూడవలసింది దాని చివరనున్న క్రియను. ‘వివరించండి’ అంటే ఒక విషయాన్ని విడమరచి, వరుస తప్పకుండా చెప్పమని. ‘విశ్లేషించండి’ అంటే దాన్ని భాగాలుగా విడదీసి, ఏ భాగం దేనికి కారణమైందో చూపమని. ‘సమర్థించండి’ అంటే ఇచ్చిన అభిప్రాయం సరైనదని ఆధారాలతో నిలబెట్టమని. ఒక పాత్ర స్వభావాన్ని వివరించమన్నప్పుడు కథంతా రాసేవారు, ఒక వ్యాఖ్యను సమర్థించమన్నప్పుడు కవి పరిచయంతో మొదలుపెట్టేవారు క్రియను చూడనివారే. ‘సొంత మాటల్లో రాయండి’ అన్న మూడు మాటలైతే అన్ని ప్రశ్నపత్రాల్లోనూ ఉంటాయి గనుక ఎవరి కంటికీ ఆనవు. తరగతిలో నెలరోజుల పాటు జవాబులు రాయించకుండా, పాత ప్రశ్నపత్రాలు పంచి, ప్రతి ప్రశ్నలోనూ క్రియ కింద ఒక గీత, అడిగిన సంఖ్య చుట్టూ ఒక సున్నా గీయించి, ‘ఈ ప్రశ్నకు జవాబు ఎన్ని భాగాలుగా ఉండాలి’ అని మాత్రమే అడిగితే చాలు. జవాబు రాయని క్లాసును చూసి తల్లిదండ్రులు కంగారు పడవచ్చు. ఆ కంగారును ఉపాధ్యాయుడు కొన్నాళ్లు ఓర్చుకోవాలి.

అపరిచిత గద్యం, అంటే పాఠ్యపుస్తకంలో లేని పేరా, ఈ విద్యకు అసలైన గరిడీ. ఉదాహరణకు ఈ కింది పేరాను తీసుకోవచ్చు.

‘ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు వాగు వెంట సాగి దిగువ చెరువుకు చేరేది. అదీ నిండితే మరో చెరువుకు దారి తీసేది. ఇలా ఒకదానితో ఒకటి కలిసిన చెరువులను గొలుసుకట్టు చెరువులు అంటారు. కాకతీయుల కాలంలో ఈ పద్ధతి బాగా విస్తరించింది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఆ కాలానివే. చెరువు నీటి పంపకం చూసేందుకు ఊళ్లో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ముందు పారించాలో అతనే చూసుకునేవాడు. వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద తిరిగి కాపలా కాసేదీ అతనే. ఒక కట్టకు గండి పడితే నష్టం ఒక ఊరితో ఆగేది కాదు.’

‘గొలుసుకట్టు చెరువులు అంటే ఏవి?’ అన్నది దీనిపై అడగగల తేలిక ప్రశ్న. మూడో వాక్యంలో జవాబు కనిపిస్తూనే ఉంది గనుక విద్యార్థి దాన్ని యథాతథంగా దించేస్తాడు: ‘ఇలా ఒకదానితో ఒకటి కలిసిన చెరువులను గొలుసుకట్టు చెరువులు అంటారు.’ ఈ జవాబులో దొంగను పట్టిచ్చే మాట ‘ఇలా’. పేరాలో అది తనకు ముందున్న రెండు వాక్యాలను వేలుపెట్టి చూపుతోంది. జవాబు పత్రంలో దాని ముందు ఏమీ లేదు గనుక ఆ వేలు గాలిలో ఉండిపోతుంది. ‘ఎగువ చెరువు నిండగా పొర్లిన నీరు కింది చెరువులోకి, అక్కడి నుంచి మరో చెరువులోకి చేరేలా కలిసి ఉన్నవి గొలుసుకట్టు చెరువులు’ అని రాసిన విద్యార్థి ‘ఇలా’ అన్న మాటను విప్పి చెప్పాడు, అంటే పేరాను నిజంగా చదివాడు. అందువల్ల అపరిచిత గద్యంపై మొదటి అభ్యాసం ప్రశ్నలతో కాకుండా ఇలాంటి చూపుడు మాటలతో మొదలుకావాలి. ‘ఆ నీరు’, ‘అదీ’, ‘ఇలా’, ‘ఆ కాలానివే’, ‘అతనే’ అన్న చోటల్లా గుర్తు పెట్టించి, అది దేన్ని చూపుతోందో పక్కన రాయించాలి. పది పేరాలు ఇలా చేసిన పిల్లలు పదకొండో పేరాను వేరే రకంగా చదువుతారు.

‘నీరటి పనులేమిటి?’ అన్న ప్రశ్నకు జవాబు రెండు వాక్యాల్లో చెదిరి ఉంది. తూము, మడి దగ్గర ఆగిపోయి కట్ట కాపలాను వదిలేసేవారే ఎక్కువ. ఇక పేరా చివరి వాక్యం మీద ప్రశ్న అడిగితే తరగతి మొత్తం నిశ్శబ్దమవుతుంది: ‘ఒక కట్టకు గండి పడితే నష్టం ఒక ఊరితో ఎందుకు ఆగదు?’ జవాబు పేరాలో ఎక్కడా లేదు, ఉన్నది కూడా పేరాలోనే. తెగిన చెరువు నీరంతా ఒక్కసారిగా దిగువ చెరువు మీద పడుతుందని, ఆ కట్టా ఆగలేక తెగవచ్చని మొదటి రెండు వాక్యాలను చివరి వాక్యంతో కలిపి చదివినవారికి తడుతుంది. రాసినవాటి ఆధారంగా గ్రహించే రాయని విషయాన్ని అనుమేయం అనవచ్చు. పరీక్షలో ఊహకూ అనుమేయానికీ తేడా ఆధారం ఒక్కటే. ఇలాంటి ప్రశ్నకు ఉపాధ్యాయుడు జవాబు చెప్పేయకూడదు. ‘ఏ వాక్యం చూసి అలా అంటున్నావు?’ అని తిరిగి అడగాలి. వాక్యాన్ని చూపలేని జవాబు సరైనదైనా దాన్ని అంగీకరించకపోవడం మొదట్లో కఠినంగా తోచినా, తరగతికి అది త్వరలోనే ఆటలా మారుతుంది.

‘మత్తడి’ అన్న మాట కోస్తా విద్యార్థికి తెలియకపోవచ్చు, వారు దాన్ని అలుగు అంటారు. తెలియని మాట దగ్గర ఆగిపోవడం, పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చోవడం పరీక్షలో పెద్ద ప్రమాదం. చెరువు నిండాకనే నీరు దూకే చోటు అది అని పక్క మాటలు చెబుతూనే ఉన్నాయి. అంతమాత్రం చాలు, ముందుకు సాగవచ్చు.

పేరా ఇచ్చి ‘దీని ఆధారంగా నాలుగు ప్రశ్నలు తయారుచేయండి’ అని అడగడం ఈ పరీక్షల్లో మామూలే. విద్యార్థులు దీన్ని ఊరికే వచ్చే మార్కులుగా భావించి, చివరి పది నిమిషాల్లో ‘పాకాల చెరువు ఎక్కడ ఉంది?’, ‘రామప్ప చెరువును ఎవరు తవ్వించారు?’ అని రాసేసి బయటపడతారు. పై పేరాలో ఆ చెరువులు ఏ కాలానివో ఉంది గాని, ఎక్కడున్నాయో, ఎవరు తవ్వించారో లేదు. జవాబు పేరాలో లేని ప్రశ్న తయారుచేయడం ఇచ్చిన పనికి విరుద్ధం. ప్రశ్నలు తయారుచేయడాన్ని మార్కుల కోసమే గాక, చదవడం నేర్పే సాధనంగా వాడుకుంటే దీని అసలు విలువ తెలుస్తుంది. ప్రతి విద్యార్థీ మూడు ప్రశ్నలు రాసి, పక్క బెంచీవారికి ఇచ్చి, వచ్చిన జవాబులను తన మనసులోని జవాబుతో పోల్చుకోవాలి. రెండు జవాబులు కలవనప్పుడు తప్పు జవాబుదా, ప్రశ్నదా అన్న తగువు మొదలవుతుంది. ఆ తగువు తరగతిలో జరగవలసిన అసలు పాఠం. ఎందుకంటే ప్రశ్న ఎలా పుడుతుందో తెలిసినవారు మాత్రమే ఎదుటివారి ప్రశ్న లోపలికి చూడగలుగుతారు.

లేఖన భాగంలోనూ ప్రశ్నను చదవడమే మొదటి మెట్టు. ఇక్కడ చదవవలసినది ఎవరికి రాస్తున్నారన్న సంగతి. ‘మీ ఊరి చెరువు కట్టకు మరమ్మతులు చేయించాలని కోరుతూ సంబంధిత అధికారికి లేఖ రాయండి’ అని అడిగితే, గైడుతో తయారైన విద్యార్థి ఇలా మొదలుపెడతాడు: ‘నీరు ప్రాణాధారం. నీరు లేనిదే జీవం లేదు. ప్రాచీన కాలం నుండి మన పూర్వీకులు చెరువులను తవ్వించారు.’ ఇది లేఖ రూపంలో ఉన్న వ్యాసం. చెరువుల మీద వ్యాసం అడిగినా, నీటి పొదుపుపై కరపత్రం అడిగినా ఇదే మొదలు. లేఖ అందుకునే ఇంజినీరుకు నీరు ప్రాణాధారమని ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆయనకు కావలసింది కట్ట ఎక్కడ దెబ్బతిన్నదన్న సమాచారం. ‘మా ఊరి పెద్ద చెరువు కట్ట తూము దగ్గర రెండు గజాల మేర కుంగింది. నిరుడు వానలకు అక్కడి నుంచే నీరు కారి కింది వరి మళ్లు మునిగాయి. ఈ ఏడు వానలు పడకముందే మట్టి పోయించి, రాళ్లు పేర్పించవలసిందిగా కోరుతున్నాము’ అన్న మూడు వాక్యాల్లో చోటు ఉంది, నష్టం ఉంది, కోరిక ఉంది, గడువు ఉంది. స్థలం, తేదీ, సంబోధన, సంతకం, చిరునామా అన్న చట్రానికి మార్కులు ఉంటాయి గనుక అవి తప్పకూడదు. జవాబు పత్రంలో సొంత పేరు, బడి పేరు బయటపెట్టకూడదన్న నియమాన్నీ పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. చట్రం గంటసేపట్లో వస్తుంది. మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని రాయడానికి మాత్రం నెలలు పడతాయి.

దానికి తేలికైన అభ్యాసం ఒకటుంది. ఒకే విషయాన్ని ముగ్గురికి రాయించడం. కట్ట కుంగిన సంగతిని అధికారికి లేఖగా, ఊరివారికి శ్రమదానం కోసం కరపత్రంగా, ఇద్దరు రైతుల మధ్య సంభాషణగా రాయించి మూడింటినీ పక్కపక్కన పెడితే, కరపత్రంలో మొదటి మాట దారిన పోయేవారిని ఆపేదిగా ఎందుకుండాలో, సంభాషణలో రైతు ‘మరమ్మతులు చేపట్టవలసి ఉంది’ అని ఎందుకు అనడో విద్యార్థికి విడిగా చెప్పే పని ఉండదు.

వాక్యం సంగతి ఇంకా విచిత్రం. రెండు సామాన్య వాక్యాలను కలిపి సంశ్లిష్ట వాక్యంగా, అంటే అసమాపక క్రియతో ముడిపడిన ఒకే వాక్యంగా మార్చమని భాషాంశాల్లో అడుగుతారు. ‘వాన కురిసింది. చెరువు నిండింది.’ అన్నవాటిని ‘వాన కురిసి చెరువు నిండింది’ అని మార్చి, ‘కురిసి’ని క్త్వార్థకం, అంటే ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ, అని గుర్తించిన విద్యార్థి పూర్తి మార్కులు తెచ్చుకుంటాడు. అదే విద్యార్థి వెనక్కి తిరిగి తన లేఖలో ‘వాన కురిసినది మరియు చెరువు నిండినది మరియు కట్ట తెగినది’ అని రాస్తాడు. ‘మరియు’లు రాల్చి, క్త్వార్థకమూ, ‘కురుస్తూ’ వంటి శత్రర్థకమూ, ‘కురిస్తే’ వంటి చేదర్థకమూ ఉపయోగించి తన పేరాను తానే తిరగరాసుకునే పని ఇస్తే, వ్యాకరణం ప్రశ్నపత్రంలో మూడో భాగంగా మిగిలిపోకుండా రాతలోకి వస్తుంది. తెలుగు వాక్యానికి సహజమైన నడక అసమాపక క్రియల మీదనే ఉంది. ఇంట్లో అమ్మమ్మ చెప్పే కథలో ‘మరియు’ ఒక్కటీ వినబడదు.

పరీక్షలో ఏ తెలుగు రాయాలన్న వివాదానికి నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. విద్యార్థుల వ్యాసరచనను గ్రాంథికానికే కట్టిపడేయరాదని వాదిస్తూ గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. గిడుగు రామమూర్తి ఆ వాదాన్ని జీవితాంతం నడిపారు. వారు కోరుకున్న వ్యావహారిక భాషే నేడు పాఠ్యపుస్తకాల్లో ఉంది. అయినా జవాబు పత్రం ముందు పెట్టుకోగానే పిల్లల చేతికి ‘యొక్క’లు, ‘చేయబడినది’లు, ‘ఉన్నవి’ పక్కన ‘ఉన్నాయి’లు వస్తాయి, పరీక్ష అంటే బరువైన భాష రాయాలన్న భయం ఎక్కడి నుంచో వారసత్వంగా దిగుతోంది. ఇందులో దిద్దేవారి పాత్ర కూడా లేకపోలేదు. విద్యార్థి సంభాషణలో రాసిన ఇంటి మాటకు ఎర్ర గీత కొట్టి, ‘తెలియజేయడమైనది’కి టిక్కు పెట్టే ఉపాధ్యాయుడు గిడుగు పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపినా ప్రయోజనం తక్కువ.

అక్షరదోషాల విషయంలో ఎక్కువ చెప్పవలసిన పని లేదు. చాలామంది పిల్లలు చేసేవి వందల తప్పులు కావు, ఐదారు తప్పులే వందలసార్లు. ‘బాధ్యత’ను ‘భాద్యత’గా, ‘విద్యార్థి’ని ‘విధ్యార్ధి’గా, ‘శ్రద్ధ’ను ‘శ్రద్ద’గా రాయడం, భావమైన ‘అర్థా’నికీ సగమైన ‘అర్ధా’నికీ తేడా చూడకపోవడం, ళ-ల, ణ-న తారుమారు కావడం. ఎవరి తప్పులు వారు ఒక చిన్న పుస్తకంలో రాసుకుని, వారానికొకసారి పక్కవారితో ఆ మాటలే డిక్టేషన్ చెప్పించుకుంటే చాలు. పేజీ అంతా ఎర్రబారేలా దిద్దడం వల్ల ఉపాధ్యాయుడి కష్టం తెలుస్తుంది గాని పిల్లవాడికి ఏమీ తెలియదు. ఒక వారం లేఖల్లో మొదటి వాక్యాలు మాత్రమే, మరో వారం ‘మరియు’లు మాత్రమే, ఇంకో వారం ఒత్తులు మాత్రమే దిద్దితే దేని మీద దృష్టి పెట్టాలో తెలుస్తుంది.

ఇంగ్లిషు మీడియం విద్యార్థుల పరిస్థితి కొంత వేరు. తెలంగాణలో 2018 చట్టంతో పదో తరగతి వరకు ఇంగ్లిషు మీడియంవారికీ తెలుగు తప్పనిసరి అయింది; ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎంతోమంది పిల్లలు తక్కిన సబ్జెక్టులన్నీ ఇంగ్లిషులో చదువుతున్నారు. వీరికి రోజు మొత్తంలో కంటపడే తెలుగు ఒక పీరియడే. వీరు తడబడేది వ్యాకరణంలో కంటే వేగంలో: అక్షరాలు కూడబలుక్కుంటూ పేరా చివరికి చేరేసరికి మొదలు మరిచిపోతారు. ఇలాంటి పిల్లల కోసం ఇంట్లో జరగగల అభ్యాసానికి తెలుగు దినపత్రిక జిల్లా పేజీ చాలు. తెలిసిన ఊళ్లు, తెలిసిన రోడ్లు, తెలిసిన గొడవలు ఉంటాయి గనుక ఊహ చదువుకు తోడు వస్తుంది. శీర్షిక కత్తిరించిన వార్తను బిడ్డ చేతికిచ్చి, మౌనంగా చదివించి, శీర్షిక పెట్టమనాలి. తర్వాత అసలు శీర్షికను పక్కన పెట్టి చూసుకోవాలి. పేరాకు శీర్షిక పెట్టమనే ప్రశ్నకు ఇంతకు మించిన తయారీ లేదు, దీనికి పట్టేది పావుగంట.

నిరంతర సమగ్ర మూల్యాంకనంలో, అంటే ఏడాది పొడవునా బడిలోనే సాగే అంచనాలో, పుస్తక సమీక్షకు చోటు కల్పించడం మంచి ఉద్దేశంతోనే జరిగింది. బడి గ్రంథాలయంలోని పుస్తకం చదివి, నచ్చినదీ నచ్చనిదీ రాయాలన్నది ఆలోచన. పుస్తకం తెరవకుండానే ఒకే సమీక్షను నలభై మంది నోటుపుస్తకాల్లోకి దించుకోవడం ఆచరణ. నలభై మందిలో నలుగురైనా నిజంగా ఒక పుస్తకం చదివి ‘ఇది నాకు నచ్చలేదు, ఎందుకంటే...’ అని రాస్తే, ఆ ‘ఎందుకంటే’ తర్వాత వచ్చే వాక్యం పబ్లిక్ పరీక్షలోని ‘సమర్థించండి’కి సూటిగా పనికొస్తుంది.

చివరి రెండు నెలల్లో వారానికొకసారైనా పూర్తి నిడివి పరీక్ష రాయించడం అవసరం, ఎందుకంటే మూడు గంటలు కుదురుగా కూర్చుని రాయడం చేతికీ నడుముకీ అలవాటు కావలసిన పని. ఆంధ్రప్రదేశ్ పరీక్షలో ప్రశ్నపత్రం చదువుకోవడానికి ప్రత్యేకంగా 15 నిమిషాలు ఇస్తారు. ఆ వ్యవధిని కుడివైపు బెంచీలోని స్నేహితుడి ముఖం చూడడానికో, వచ్చిన ప్రశ్నలను లెక్కపెట్టుకోవడానికో వాడేవారే ఎక్కువ. తరగతి గదిలోని నమూనా పరీక్షల్లో ఆ 15 నిమిషాలనూ పెన్సిలుతో గడిపించాలి: క్రియ కింద గీత, సంఖ్యకు సున్నా, ‘లేదా’ ఉన్నచోట ఎంచుకున్న ప్రశ్నకు టిక్కు, లేఖ ఎవరికో ఆ పేరు పక్కన ఒక చుక్క. ఆఖరున మిగిలిన పది నిమిషాల్లో జవాబు పత్రమంతా తిరగేయడం సాధ్యం కాదు గనుక మూడు చోట్లు చూసుకుంటే చాలు: మార్జిన్‌లో ప్రశ్న సంఖ్య సరిగా పడిందా, లేఖలో తేదీ ఉందా, అపరిచిత గద్యం జవాబుల్లో ఏదైనా ‘ఇలా’తోనో ‘అతనే’తోనో మొదలైందా.